భాష యోగ్యత కావచ్చును, పుట్టుక యోగ్యత కారాదు

(మన సంఘ సర్వసభ్య సమావేశమున చేయబడిన ఉపన్యాస పాఠము)



నేటి చర్చకు కార్యవర్గమువారు నిర్ణయించిన విషయము సుకుమారమైనది. ఒక రాష్ట్రమున అధిక సంఖ్యాకులైన వారికి ఉద్యోగములందు ప్రత్యేక ప్రాధాన్యము కల్పించుట న్యాయమా, కాదా? న్యాయమైనచో ఎంతవరకు? అట్టి రాష్ట్రమున అల్పసంఖ్యాకులుగా నున్న మనబోటివారు ఏమి కోరవలెను, ఏమి కోరరాదు? ఈ ప్రశ్నలకు ఆవేశముతో జవాబు చెప్పుట సులభము. ఆవేశపడిన సభ చప్పట్లతో ముగియును. మరునాడు పిల్లవాడు దరఖాస్తు కాగితము పట్టుకొని మన యెదుట నిలిచినప్పుడు ఆ చప్పట్లు అక్కరకు రావు. కనుక ముందుగా నిజస్థితిని మనవి చేసి, పిమ్మట మా అభిప్రాయమును విన్నవించెదము.

2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలు, నూటికి 5.87 వంతు. తమిళము తరువాత ఈ రాష్ట్రమున మనదే పెద్ద భాష. కన్నడ, ఉర్దూ, మలయాళ భాషలవారు మన తరువాతివారు. ఇందరిలో అధిక భాగము రాష్ట్ర విభజన నాటికే గాక, అంతకు ఎన్నో తరముల పూర్వమే ఇచ్చట స్థిరపడినవారు. మనము చుట్టపుచూపుగా వచ్చినవారము కాము. ఇల్లు ఇదే, శ్మశానము ఇదే.

ఇక ఉద్యోగముల సంగతి. మూడు చట్టములను మన సభ్యులు చక్కగా గుర్తుంచుకొనవలెను.

మొదటిది 2006 నాటి తమిళ భాషాభ్యసన చట్టము. దీని ప్రకారము ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వరకు తమిళము నిర్బంధ పాఠ్యము. ఒకేసారి అన్ని తరగతులకు గాక, 2006-07లో ఒకటవ తరగతితో మొదలిడి, ఏటేట ఒక్కొక్క తరగతికి విస్తరించినారు. ఆ తొలి జట్టు 2016లో పదవ తరగతి పరీక్షకు కూర్చున్నది.

రెండవది 2010 నాటి చట్టము. రాష్ట్ర ప్రభుత్వము నేరుగా నియమించు ఉద్యోగములందు నూటికి 20 వంతులు తమిళ మాధ్యమమున చదివినవారికి ప్రాధాన్యముగా కేటాయింపబడినవి. 2020లో దీనిని సవరించి, పట్టపరీక్ష ఒక్కటి తమిళమున చదివిన చాలదు, బడి చదువు మొదలుకొని తమిళ మాధ్యమముననే చదివియుండవలెనని బిగించినారు.

మూడవది 2021 డిసెంబరులో వెలువడిన ప్రభుత్వ ఉత్తర్వు. రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమీషను జరుపు పోటీ పరీక్షలందు తమిళ పత్రము తప్పనిసరి. అందు నూటికి 40 మార్కులు రానివాని తక్కిన పత్రములు దిద్దనే దిద్దరు. 2023లో శాసనసభ దీనికి చట్టబలము నిచ్చినది. అంతకు పూర్వము 2016 నాటి ఉద్యోగ నిబంధనల చట్టమున వేరొక పద్ధతి యుండెను. తమిళము చాలినంత రానివాడును దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఉద్యోగము వచ్చిన పిమ్మట రెండేండ్లలో భాషాపరీక్ష నెగ్గవలెను. నాడు పరీక్ష గడప లోపల నుండెను. నేడు గడపకు వెలుపల నున్నది. మార్పంతయు ఇదే. కాని ఎంత పెద్ద మార్పు!

ఈ మూడింటిని విన్నంతనే, "ఇవి యన్నియు మనలను తరుముటకే" యని కొందరు యువకులు ఆగ్రహించుచున్నారు. వారి బాధ మేమెరుగుదుము. అయినను మొదట ఎదుటివారి మాటను వారి నోటనే విందము.

తమిళ సోదరుడు చెప్పునది ఏమి? "మా గ్రామపు రైతు తాలూకా కచేరీకి అర్జీ పట్టుకొని వచ్చును. అతనికి తమిళము తప్ప వేరు భాష రాదు. ఆ అర్జీ చదువలేని గుమాస్తా మాకెందుకు?" ఈ మాటకు మన యొద్ద జవాబు లేదు. ఉండవలసిన పనియు లేదు. అది న్యాయమైన మాట. విజయవాడలోనో వరంగల్లులోనో తెలుగు రాని గుమాస్తాను కూర్చుండబెట్టినచో మన బంధువులు ఊరకుందురా? అతడే మరియొకటియు చెప్పును: "కేంద్రప్రభుత్వ కొలువులందు, రైల్వేలలో, తపాలా శాఖలో దూరప్రాంతములవారు వచ్చి చేరుచున్నారు, మా బిడ్డలు బయట నిలిచియున్నారు." 2017లో తపాలా ఉద్యోగముల పరీక్షలో ఉత్తరాది అభ్యర్థులు కొందరు తమిళ విభాగమున స్థానిక విద్యార్థులను మించిన మార్కులు పొందినట్లు వెల్లడి యైనప్పుడు ఇచ్చట పుట్టిన గగ్గోలు మనకు తెలియనిది కాదు. ఆ భయమే తరువాతి ఉత్తర్వులకు ఊపిరి పోసినది. అది మనపై ద్వేషము కాదు.

సోదరులారా, అధిక సంఖ్యాకులకును భయముండును. సంఖ్యయొక్కటియే బలము కాదు. చదువు, పెట్టుబడి, పలుకుబడి వేరొకరి చేతిలో నున్నప్పుడు పదిమందిలో ఎనమండుగురుగా నున్నవారును తమ యింట తామే పరాయివారమైతిమని తలతురు. దీనిని అర్థము చేసికొనుటకు మనము పరదేశ చరిత్రలు చదువ నక్కరలేదు. మన చరిత్రయే చాలును.

ఆంధ్రోద్యమము ఎట్లు పుట్టినది? 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరుగుటకు ముందే మన పెద్దలు చెన్నపురి సర్కారు కొలువుల లెక్కలు తీసి, జనసంఖ్యలో మన వంతెంత, ఉద్యోగములలో మన వంతెంత అని అడిగినారు. తెలుగు జిల్లాలలో తెలుగు తెలిసిన అధికారి యుండవలెనని కోరినారు. నాడు ఆ కోరికను మనము సంకుచితమన్నామా? ఆత్మగౌరవమన్నాము. ఆ త్రోవననే నడిచి పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న ఈ నగరమున, మైలాపూరులో, నిరాహారదీక్షకు కూర్చుండి డిసెంబరు 15న అసువులు బాసినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినది. చెన్నపురి మాత్రము మనకు దక్కలేదు.

మరియొక ఉదాహరణము. ఉద్యోగములను జనసంఖ్యనుబట్టి పంచుమని దేశమున తొలుదొలుత ఆజ్ఞాపించిన ప్రభుత్వములలో మదరాసు ప్రభుత్వ మొకటి. 1921లో మొదటి కమ్యూనల్ జీ.వో. వెలువడినది. నాటి ముఖ్యమంత్రి పానగల్లు రాజావారు తెలుగువారు. ఆ పక్షమునకు మూలపురుషులలో నొకరైన పిట్టి త్యాగరాయ శెట్టిగారును తెలుగువారే. త్యాగరాయనగరమున పానగల్లు పార్కు ప్రక్కగా నడచు మనలో ఎందరు ఈ సంగతిని తలచుకొందురు? తరువాత 1927లో వచ్చిన ఉత్తర్వు ప్రకారము ప్రతి 12 ఉద్యోగములలో 5 బ్రాహ్మణేతర హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 ముసల్మానులకు, 2 ఆంగ్లో ఇండియనులు, క్రైస్తవులకు, 1 అణగారిన వర్గములకు పంచబడినవి. సంఖ్యలో ఎక్కువై చదువులో వెనుకబడినవారికి రక్షణ కల్పించుటయే దాని ఉద్దేశము. 1951లో చంపకం దొరైరాజన్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు కళాశాలలలో ఈ పద్ధతి చెల్లదన్నది. ఆ యేడే రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చి, వెనుకబడిన వర్గములకు ప్రత్యేక ఏర్పాట్లు చేయుటకు వీలు కల్పించినది. అనగా అధిక సంఖ్యాకులకు ప్రాధాన్యమనునది మనకు క్రొత్తది కాదు. దానిని తీర్చిదిద్దిన చేతులలో మన చేతులును గలవు.

ఇప్పుడు ముల్కీ వ్యవహారమునకు వత్తము. ఈ విషయమున ఇంతకంటె గొప్ప పాఠము మనకు లేదు.

ముల్కీ యనగా దేశీయుడు. 1919లో నిజాము ఫర్మానాతో వచ్చిన నిబంధనల ప్రకారము హైదరాబాదు సంస్థానమున సర్కారు కొలువు కావలెనన్న అచ్చట పుట్టినవాడైనను కావలెను, పదునైదేండ్లు అచ్చట నివసించినవాడైనను కావలెను. ఉత్తర హిందూస్థానము నుండి వచ్చి పెద్ద పదవులను ఆక్రమించుచున్న వారి యెడ అసంతృప్తి ఈ నిబంధనలకు మూలము. 1948లో సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి ఉద్యోగులు పెక్కురు అచ్చటికి చేరినారు. 1952లో వరంగల్లున మొదలైన ముల్కీ ఆందోళన హైదరాబాదునకు ప్రాకినది. సెప్టెంబరు మొదటి వారమున పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుష్యుల ఒప్పందము, నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరణము. ఒప్పందమున వ్రాసికొన్న రక్షణలు సక్రమముగా అమలు జరుగలేదని 1969లో తెలంగాణము మండినది. ఆ యేడు మార్చిలోనే సుప్రీంకోర్టు, 1957 నాటి చట్టము క్రింద తెలంగాణమునకు చేసిన నివాస నియమములను కొట్టివేసినది. రాష్ట్రమంతటికి నివాస నియమము పెట్టవచ్చును గాని రాష్ట్రమున ఒక భాగమునకు పెట్టుటకు వీలులేదని తీర్పు. 1972 అక్టోబరులో అదే న్యాయస్థానము ముల్కీ నిబంధనలు ఇంకను సజీవముగా నున్నవని చెప్పగా, ఈసారి కోస్తా, రాయలసీమలు భగ్గుమన్నవి. జై ఆంధ్ర ఉద్యమమున పి.వి. నరసింహారావుగారి మంత్రివర్గము 1973 జనవరిలో తొలగవలసి వచ్చినది. ఆ సెప్టెంబరులో ఆరు సూత్రముల పథకము, దానిననుసరించి రాజ్యాంగమున 371-డి అధికరణము, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినవి. అదియు సరిగా నడవలేదని 1985లో 610వ జీ.వో. జారీ చేయవలసి వచ్చినది. తుదకు 2014లో రాష్ట్రమే రెండైనది.

ఇందు గమనింపదగినది ఏమి? కొట్లాడినవారిరువురును తెలుగువారే. ఇంట మాటలాడు భాష యొకటే. అయినను "నీవు వచ్చినవాడవు, నేను ఉన్నవాడను" అను మాట దిగవచ్చినది. తెలంగాణ యువకుని గోడు అబద్ధము కాదు. ఉర్దూ పాలనలో అతనికి చదువు ఆలస్యముగా అందినది. ఆంధ్ర ప్రాంత యువకుని గోడును అబద్ధము కాదు. తన రాష్ట్ర రాజధానిలో తాను పరాయివాడనా యని అడిగినాడు. ఇరువురి గోడును నిజమే యైనప్పుడు పరిష్కారము వ్రాతలో గాక అమలులో నుండును. ఇచ్చిన మాట నిలుపుకొనకపోవుటవలననే గాయము మానలేదు.

రాజ్యాంగ నిర్మాతలు ఈ ప్రమాదమును ముందే గుర్తించినారు. ఉద్యోగ విషయమున పుట్టిన చోటునుబట్టి గాని నివాసమునుబట్టి గాని పౌరునిపై వివక్ష చూపరాదని 16వ అధికరణము శాసించుచున్నది. నివాసము విషయమున మాత్రము ఒక మినహాయింపు గలదు; ఆ నియమము చేయు అధికారము రాష్ట్రములకు గాక పార్లమెంటునకే యుండవలెను. రాజ్యాంగసభలో ఈ సవరణను ప్రతిపాదించినవారు నెల్లూరు జిల్లాలో పుట్టి చెన్నపురిలో అడ్వొకేటు జనరలుగా పేరొందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు. ప్రతి రాష్ట్రమును తన వాకిట తానే తలుపు బిగించుకొన్నచో దేశమను ఇల్లు గదులుగా చీలిపోవునన్న మెలకువ ఈ యేర్పాటున గలదు. గమనింపుడు: పుట్టిన చోటునకు మినహాయింపు లేనే లేదు.

నేడు ఆ మెలకువ సడలుచున్నది. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమలలో నూటికి 75 ఉద్యోగములు స్థానికులకే యని చట్టము చేసినది. 2020లో హర్యానా అదే త్రోవ త్రొక్కినది. 2023 నవంబరులో పంజాబు హర్యానా హైకోర్టు ఆ చట్టమును కొట్టివేసినది. 2024లో కర్ణాటక మంత్రివర్గము ప్రైవేటు సంస్థలలో స్థానికులకు పెద్ద వంతు కేటాయించు బిల్లును ఆమోదించి, గగ్గోలు రేగగా నిలిపివేసినది. 2021 శాసనసభ ఎన్నికలలో తమిళనాటను 75 వంతుల వాగ్దానము వినబడినది.

ఇక్కడ మన స్థితిని ఒక్కసారి ఆలోచింపుడు. చెన్నపురిలో పుట్టి, ఇచ్చటి తెలుగు బడిలో చదివిన మన బిడ్డ ఉద్యోగమునకు పోవునప్పుడు ఇచ్చట తమిళ పత్రము అడ్డము వచ్చును. పోనీ, భాష మనదే గదా యని ఆంధ్ర దేశమునకు పోయినచో, అచ్చట స్థానికతను నిర్ణయించునది భాష కాదు, చదివిన ప్రదేశము. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు అచ్చట చదివినవాడే స్థానికుడని 1975 ఉత్తర్వు పెట్టిన సూత్రము. ఆ లెక్కన మన బిడ్డ అచ్చట స్థానికేతరుడు. 2019 నాటి 75 వంతులలోను వానికి చోటు లేదు. రెంటికి చెడిన రేవడి యన్న సామెత వీనికి సరిగా సరిపోవును. కావున "స్థానికులకే" యను నినాదము నెల్లూరులో లేచినప్పుడు చప్పట్లు చరచి, చెన్నపురిలో లేచినప్పుడు కన్నీరు కార్చుట మనకు తగదు. ఏ తూనికరాయి మనము ఎదుటివానికి పెట్టుదుమో ఆ రాయితోనే మనలను తూచుదురు.

పొరుగు దేశములనుండి రెండు ఉదాహరణలు చెప్పి ముందునకు సాగెదము.

మలేషియాలో 1969 మే 13న జాతి కల్లోలములు చెలరేగినవి. 1971లో ఆ ప్రభుత్వము నూతన ఆర్థిక విధానమును ప్రకటించినది. భూమిపుత్ర యను మన సంస్కృత పదమునే వాడుకొని, మలయులు మొదలైన దేశీయులకు విశ్వవిద్యాలయములలో, ఉద్యోగములలో, వ్యాపారములో ప్రాధాన్యమిచ్చినది. 1990 నాటికి వాణిజ్య సంపదలో నూటికి 30 వంతులు వారి చేతికి రావలెనని గడువు పెట్టినది. మేలు జరుగలేదనుట అన్యాయము. మలయులలో చదువుకొన్న మధ్యతరగతి పెరిగినది, పేదరికము తగ్గినది. కాని 1990 దాటినను ప్రాధాన్యము వేరు పేర్లతో సాగినది. పుట్టుకను కొలతగా పెట్టినందున ధనికుడైన భూమిపుత్రునకును అది దక్కినది. పేరా రాష్ట్రపు తోటలలో తరతరములుగా చెమటోడ్చిన మన తెలుగు కూలీల బిడ్డలు "ఇతరులు"గానే మిగిలినారు. గడువు పెట్టుట సులభము, గడువున ఆపుట కష్టము.

సింహళములో 1956లో సింహళమే ఏకైక అధికారభాష యని చట్టము చేసినారు. ఉద్యోగములందున్న తమిళులు ఆ భాష నేర్చుకొనవలెను, లేదా తప్పుకొనవలెను. 1970వ దశకమున విశ్వవిద్యాలయ ప్రవేశములందు తమిళ విద్యార్థులకు ఎక్కువ మార్కులు రావలెనను పద్ధతియు వచ్చినది. ఆ పర్యవసానము లోకమునకు తెలియును. ఆ దుఃఖమును మనకంటె తమిళ సోదరులే బాగుగా ఎరుగుదురు. ఆ చట్టమునకును ఇచ్చటి నియమములకును పోలిక లేదని మేమే చెప్పుదుము. ఇచ్చట ఎవరిని దేశమునుండి వేరుచేయలేదు. కాని అల్పసంఖ్యాకుని బాధ యేమో తెలిసిన జాతితో మనము మాటలాడుచున్నాము. తెలిసినవారితో వినయముగా మాటలాడిన ఫలమున్నది.

ఇక మా అభిప్రాయము. ఒక ప్రాధాన్య నియమము న్యాయమైనదో కాదో తేల్చుటకు మూడు ప్రశ్నలు చాలును.

ఒకటి: ఆ యోగ్యతను మానవుడు సంపాదించుకొనగలడా? భాష నేర్చుకొనవచ్చును. పుట్టుకను నేర్చుకొనలేము. తమిళము రావలెననుట మొదటి రకము. తమిళునిగా పుట్టవలెననుట రెండవ రకము. మొదటిదానికి తల యొగ్గవచ్చును. రెండవదానిని ఎన్నటికి ఒప్పుకొనరాదు. 2010 నాటి చట్టమునైనను పరికింపుడు. అది తమిళ మాధ్యమమున చదివినవాడని చెప్పుచున్నది గాని తమిళుడని చెప్పుటలేదు. కోవిల్‌పట్టిలోను కోయంబత్తూరులోను తమిళ మాధ్యమమున చదివిన మన తెలుగు బిడ్డలకును ఆ 20 వంతులలో హక్కు గలదు. దీనిని మరచి, ఆ చట్టము మనకు శత్రువనుట సరికాదు.

రెండు: ఆ యోగ్యతను సంపాదించు సాధనములను ప్రభుత్వము ముందుగా సమకూర్చినదా? ఇచ్చట మన ఫిర్యాదు బలమైనది. లెక్క చూడుడు. 2006లో ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ 2016లో పదవ తరగతి, 2021లో పట్టపరీక్ష ముగించును. అదే 2021 చివర పోటీ పరీక్షలలో తమిళ పత్రము నిర్బంధమైనది. అనగా ఆ ఉత్తర్వు నాటికి తమిళము నిర్బంధముగా చదివిన మొట్టమొదటి జట్టు అప్పుడే కళాశాల గడప దాటినది. అంతకు పెద్దవారిలో మన బడులలో చదివినవారికి తమిళము చెప్పవలెనని ప్రభుత్వమే కోరలేదు. కోరని పాఠమునకు పరీక్ష పెట్టినారు. ఆ తొలి జట్టులకైనను చాలినంతమంది తమిళ ఉపాధ్యాయులు లేరన్నది మన బడుల మొర. 2016లోను 2019లోను మదరాసు హైకోర్టు, 2023లో సుప్రీంకోర్టు అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు పదవ తరగతి తమిళ పత్రమునుండి తాత్కాలికముగా మినహాయింపు లిచ్చినవి. కాని ఆ మినహాయింపు చూచి సంతోషింపకుడు. పదవ తరగతిలో తమిళము తప్పించుకొన్న బిడ్డ ఇరువదియవ యేట ఉద్యోగపు వాకిట దానినే ఎదుర్కొనును. మినహాయింపు వైద్యము కాదు, నొప్పి తెలియని మందు.

మూడు: నియమము ఎవరి బలహీనతను తొలగించుటకు పుట్టినదో, అట్టి బలహీనత గలవారందరికి వర్తించుచున్నదా? తమిళ మాధ్యమపు 20 వంతుల లక్ష్యమేమి? ఆంగ్ల మాధ్యమమున చదివిన సంపన్నుల బిడ్డలతో పోటీపడలేని పేద బిడ్డకు చేయూత. మంచిది. అట్లయినచో కార్పొరేషను బడిలో తెలుగు మాధ్యమమున చదివిన రిక్షావాని బిడ్డ సంగతి యేమి? వానికిని ఆంగ్లపు బలము లేదు. మాతృభాషలో చదివినందుకు ఒక బిడ్డకు ప్రోత్సాహము, అదే పని చేసినందుకు మరియొక బిడ్డకు నష్టము. ఇది చట్టమునకు ఉద్దేశింపబడిన ఫలము కాదని మా నమ్మకము. చూపు పడని మూల. చూపించుట మన పని.

ఈ విచారణనుబట్టి సంఘము నాలుగు కోరికలను ప్రభుత్వమునకు సమర్పింపవలెనని మా సూచన.

మొదటిది: ఉద్యోగమునకు తమిళము తప్పనిసరి యనుటను మనము మనఃపూర్వకముగా అంగీకరించుచున్నామని ముందు చెప్పవలెను. ఇది రాజీ కాదు, మన అభిప్రాయమే.

రెండవది: నిర్బంధ తమిళ చదువునకు పూర్వము ఈ రాష్ట్రముననే అల్పసంఖ్యాక భాషల బడులలో చదివినవారికి, వయఃపరిమితి ముగియు వరకు, పూర్వపు రెండేండ్ల పద్ధతిని వర్తింపజేయవలెను. ఇది క్రొత్త వరము కాదు. 1956లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన రక్షణల పత్రములోను, 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశ నిర్ణయములలోను, రాష్ట్రభాషా జ్ఞానము ఉద్యోగ ప్రవేశమునకు ముందు షరతు కారాదనియు, ప్రొబేషను ముగియులోపల పరీక్షింపవచ్చుననియు అంగీకారము గలదు. దేశమంతయు ఒప్పుకొన్న మాటను గుర్తుచేయుట తగవు కాదు.

మూడవది: తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ మాధ్యమములలో చదివి, తమిళ పత్రమున నెగ్గినవారిని గూడ 20 వంతుల ప్రాధాన్యమున చేర్చవలెను. తమిళమును నేర్చి మాతృభాషను విడువని బిడ్డ శిక్షింపబడరాదు.

నాలుగవది: తమిళ ఉపాధ్యాయుని మన బడులకు పంపవలెను; తెలుగు ఉపాధ్యాయుని మన బడులనుండి తీసివేయరాదు. తరగతిలో 10 మంది గాని బడిలో 40 మంది గాని ఉన్నచో ఆ భాషలో చెప్పు ఉపాధ్యాయుడుండవలెనన్నది 1949 నుండి దేశమున నడచుచున్న సూత్రము. ప్రాథమిక విద్య మాతృభాషలో నుండవలెనని 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఒక భాష వచ్చుటకు మరియొక భాష పోనక్కరలేదు.

"ఇట్లు వినయముగా అడిగిన ఎవరు విందురు? న్యాయస్థానముననే తేల్చుకొందము" అని కొందరనుచున్నారు. న్యాయస్థానమును మేము త్రోసిపుచ్చుట లేదు, అవసరమైనప్పుడు పోవలసినదే. కాని తీర్పు ఒక సంవత్సరపు పరీక్షను తప్పింపగలదు, ఒక బిడ్డకు తమిళము నేర్పలేదు. "తమిళమునకు తలయొగ్గిన తెలుగు నశించును" అని మరికొందరు పెద్దలు భయపడుచున్నారు. తెలుగు నశించుచున్నది కచేరీలలో కాదు, ఇండ్లలో. అక్షరములు నేర్పని తండ్రి, కథ చెప్పని అమ్మమ్మ, ఆంగ్లపు బడి బండి కొరకు ఉదయము ఎదురుచూచు తల్లి. వీరి నడుమ నశించుచున్నది. దానిని ఏ ప్రభుత్వము ఉత్తర్వుతోను నిలుపలేదు.

కావున సభ్యులకు మా విన్నపము. ప్రభుత్వము ఉపాధ్యాయుని పంపువరకు మనము చేతులు కట్టుకొని కూర్చుండరాదు. సంఘ భవనమున సాయంకాలము పోటీ పరీక్షల తమిళ తరగతి నడుపుడు. తమిళము చక్కగా వచ్చిన మన యువకులు ఎందరో గలరు. వారానికి రెండు గంటలు వారి నడుగుడు. పొరుగు తమిళ ఉపాధ్యాయుని అర్థించినను కాదనడు. తన భాష నేర్చుకొందునన్నవానిని తమిళుడు ఆదరించునేగాని తరుమడు. అదే భవనమున ఆదివారము తెలుగు తరగతి నడుపుడు. రెండు పలకలు, ఒక బిడ్డ. కన్నడ, మలయాళ, ఉర్దూ సంఘముల వారితో కలిసి పై నాలుగు కోరికల అర్జీని సిద్ధము చేయుడు. అర్జీని తమిళముననే వ్రాయుడు.

చివరగా ఒక మాట. ఇంటిలో ఇన్ని తరములు గడిపినవాడు అతిథి వలె నెమ్మదిగా మాటలాడ నక్కరలేదు. అట్లని ఒంటరి యజమాని వలె గద్దించుటయు తగదు. ఇంటివానివలె మాటలాడవలెను. ఇంటివాడు భారమును మోయును, భాగమును అడుగును. తమిళము నేర్చుట మన భారము. పుట్టుకను అడుగక యోగ్యతను చూడుమనుట మన భాగము. ఈ రెండింటిలో నేది విడిచినను రెండవది మనకు దక్కదు.

 తీర్మానముపై చర్చ ప్రారంభింపవలసినదిగా అధ్యక్షులవారిని కోరుచున్నాము.